ఇంటివైపు వేగం

"వెళ్లేటప్పుడేమో పరుగు, వచ్చేటప్పుడేమో పెళ్లినడక. ఏంటి సంగతి?"

రాత్రి భోజనాల దగ్గర భర్త ఫోన్‌ని మంచినీళ్ల గ్లాసుకి ఆనించి అడిగాడు. విమానాల జాడ చూపే యాప్ ఉందందులో; భార్య డ్యూటీలో ఉన్నంతసేపూ ఆమె నడిపే విమానం చిన్న బొమ్మలా కదులుతుంది. నెల రోజులుగా అతను ఆకలి మరిచిపోయినా అది చూడటం మరిచిపోలేదు.

"రోజూ నా వెనకాలే పరిగెడుతున్నారన్నమాట. సన్నబడిన జాడ మాత్రం లేదే!" అందామె.

అతను నవ్వలేదు. "మాట మార్చకు. ఎవరి కోసం ఆ తొందర?"

ఆమె చెంచా కింద పెట్టింది. "ప్రయాణికుల కోసం. అక్కడ సగం మందికి ఇంకో విమానం అందాలి. అందకపోతే కంపెనీకయ్యే ఖర్చు ముందు, వేగానికి కాలే ఇంధనం ఒక లెక్కలోది కాదు. వచ్చేటప్పుడు అందరూ ఇళ్లకి చేరేవాళ్లే. నాలుగు నిమిషాలు ఆలస్యమైతే కొంపలేం మునగవు. అందుకే నెమ్మదిగా వచ్చి ఇంధనం మిగల్చమంటారు."

అతను ఫోన్ బోర్లించాడు.

"సర్లే, నమ్మాను. రేపు నీ పక్క సీట్లో ఎవరు?"

మర్నాడు సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆమె వేగం తగ్గిస్తుంటే, పక్క సీట్లోని కో-పైలట్ మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ఆఫీసు ఇచ్చిన వేగం కంటే ఇప్పటికే తక్కువలో ఉన్నాం. ఇంకా నెమ్మదిగా వెళ్తే ఎక్కువసేపు గాల్లో ఉండాల్సొచ్చి, ఇంధనం మిగలదండీ, ఎక్కువ ఖర్చవుతుంది."

"తెలుసు," అందామె. ఇంట్లో ఆ ఫోన్ మీద కదిలే చిన్న బొమ్మనే చూస్తూ కాచుకున్న భర్త గుర్తొచ్చి, వేగం ఇంకాస్త తగ్గించింది.