మోకాలెత్తు బజారు

లైబ్రరీ గేటు దాటుతుండగా అమ్మాయి చెప్పు తెగింది.

పడబోయి ఎలాగో నిలదొక్కుకుంది గానీ, చంకలోని ఫైలు జారి బొమ్మలన్నీ రోడ్డు మీద పరుచుకున్నాయి.

"ముందు కాగితాలు ఏరుకో తల్లీ. చెప్పెక్కడికీ పోదులే," అన్నాడు గేటు పక్కన చెప్పులు కుట్టే తాత.

నాలుగు కాగితాలు తనే ఏరి, దుమ్ము దులిపి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇవి నువ్వేసినవేనా?"

"ఊఁ. పిల్లల పుస్తకానికి. బజారులో తప్పిపోయిన పాప వాళ్లమ్మని వెతుక్కునే కథ." ఆమె మిగిలిన కాగితాలు ఫైల్లో సర్దుకుంది. "రెండుసార్లు తిప్పి పంపారు తాతా. సోమవారం కూడా నచ్చకపోతే వేరేవాళ్లతో వేయిస్తారట. నా మొదటి పుస్తకం."

లైబ్రరీలో తెచ్చుకున్న పాత బొమ్మల పుస్తకం తెరిచి చూపించింది.

"ఈయన పోయి పాతికేళ్లయినా ఈయన్ని మించినవాళ్లు లేరు. ఒక్కో గీతా లెక్కపెట్టి మరీ అచ్చం అలాగే గీశాను. అయినా మా ఎడిటరమ్మ ఏమందో తెలుసా? 'పెద్దాయన గీతలున్నాయి, పెద్దాయన లేడు' అంది."

తాత ఆ బొమ్మా ఈ బొమ్మా మార్చి మార్చి చూశాడు.

"ఇందులో బల్ల కింద కూడా కనబడుతోంది. నీదాంట్లో జనం నెత్తులు కనబడుతున్నాయేం? పాప మేడెక్కి చూస్తోందా?"

అమ్మాయికి చిర్రెత్తింది.

"బొమ్మల సంగతి మీకు తెలీదులే తాతా. చెప్పు కుట్టండి చాలు."

"కుడతాలే. ఒంటికాలి మీద ఎంతసేపుంటావు? ఇలా కింద కూర్చో," అని గోనెపట్టా మీద పక్కకి జరిగాడు.

కూర్చోక తప్పలేదు.

"అదుగో, ఆ పచ్చ చెప్పులావిడ ఇంట్లో పోట్లాడి వచ్చింది."

"మొహమైనా చూడకుండానే?"

"మడమలతో నేలని తంతోంది, కనబళ్లేదూ? ఆ నల్లబూట్లాయనవి కొత్తవి. అడుగడుక్కీ ఆగి చూసుకుని మురిసిపోతున్నాడు."

ఆమెకు నవ్వాగలేదు. తల తిప్పి చూసింది. ఎదురుగా అంతా కాళ్లే. సంచుల అడుగులు, సైకిలు చక్రాలు, సరిగ్గా తన మొహానికెదురుగా ఓ కుక్క మొహం. మనుషుల మొహాలు ఎక్కడో ఆకాశంలో ఉన్నాయి.

"తప్పిపోయిన పిల్లకి అమ్మ మొహం ఎక్కడ కనబడుతుంది తల్లీ?" అన్నాడు తాత, దారం కొస పంటితో కొరుకుతూ. "ఇన్ని కాళ్లలో అమ్మ కాళ్లేవో వెతుక్కోవాలి."

చెప్పు కుట్టడం అయిపోయింది. ఆమె లేవలేదు. సాయంత్రం దాకా గీస్తూనే ఉంది. మర్నాడూ వచ్చి కూర్చుంది. బేరాలొస్తే తాతకి చెప్పులు అందించింది కూడా.

సోమవారం ఎడిటర్ ఆ బొమ్మల్ని బల్ల మీద పరిచి, వంగి, ఇంకా వంగి, చివరికి గడ్డం బల్లకానించి చూసింది.

"ఈ పుస్తకం నీదే," అంది.

అచ్చయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. మొదటి ప్రతి పట్టుకుని అమ్మాయి గేటు దగ్గరికి పరిగెత్తింది.

గోడ పక్కన ఎవరూ లేరు.

"తాత పోయి ఇరవై రోజులైందమ్మా," అన్నాడు వాచ్‌మన్. "చదువు రాదు గానీ, నీ పుస్తకం వచ్చిందా అని రోజూ అడిగేవాడు."

ఎడిటర్ ముందు కూర్చుని జరిగిందంతా చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది అమ్మాయి. "మీకు తెలీదులే అన్నాను మేడమ్, ఆయన్ని."

ఎడిటర్ లేచింది. బీరువాలోంచి పెద్దాయన పుస్తకం తొలి ముద్రణ తీసి, లైబ్రరీ ప్రతిలో ఎప్పుడో చిరిగిపోయిన అంకితం పేజీ ఆమె ముందు తెరిచింది.

"కింద కూర్చోమని చెప్పి నాకు బొమ్మలు నేర్పిన గురువుకి, లైబ్రరీ గేటు పక్కన చెప్పులు కుట్టే తమ్ముడికి."