దాని పేరుకి

ఆ రోజుల్లో దస్తావేజులన్నీ ఇంటి గుమాస్తా యంత్రమే రాసేది. యజమాని నోటిమాటే సంతకం. హాల్లో కూర్చుని తన కొత్త కంపెనీ గురించి మాట్లాడుతూ కొండబాబు, "ఐస్ ఫ్యాక్టరీని దాని పేరుకి మార్చెయ్" అన్నాడు.

యంత్రం వంటింట్లో ఉన్న అతని భార్య హైమవతిని అడిగింది. "'దాని' అంటే మీరే కదమ్మా? ఒప్పుకుంటున్నారా?"

అతనన్నది కంపెనీనని ఆమెకి తెలుసు. కానీ పదహారేళ్లుగా అతను ఆమెను పేరుపెట్టి పిలవలేదు. "అది ఎక్కడ చచ్చిందిరా", "దానికేం తెలుసు" అని కూలీల ముందే అనేవాడు. ఆ మాటలన్నీ యంత్రం కూడా వింది.

"నేనే. ఒప్పుకుంటున్నాను" అంది హైమవతి.

సంగతి తెలిసి కొండబాబు రిజిస్ట్రార్ దగ్గరికి పరుగెత్తాడు. వెనకే హైమవతీ వచ్చింది. "నేనన్నది కంపెనీని మేడమ్! అది నన్ను నిలువునా ముంచేసిందండీ!"

"ఏది? కంపెనీయా?" అందావిడ.

"కంపెనీ ఎందుకు ముంచుద్దండీ? ఇదిగో, ఇది! నా పెళ్లాం!"

రిజిస్ట్రార్ ఇంకేమీ అడగకుండా ఫిర్యాదు కొట్టేసింది.

హైమవతి తిన్నగా ఫ్యాక్టరీకి వెళ్లి, కూలీలంతా చూస్తుండగా అతని కుర్చీలో కూర్చుంది. గేటు దాకా వచ్చిన భర్తను చూపించి వాచ్‌మన్‌తో నెమ్మదిగా చెప్పింది.

"ఆయన్ని లోపలికి రానివ్వకు."