సిలువ పడిన మిట్ట

బుడ్డమ్మా,

నీ డ్రోన్ పైనుంచి చూసినప్పుడు మీ అన్న సమాధి కనపడలేదా నీకు? దాని పక్కనే దిగమని మీ వరద సాయం టీం హెలికాప్టర్‌కు చెప్పిందంట. ఆ గాలికి సిలువ ఊడి పడింది. నా కడుపు మండిపోతా ఉండాది.

పోయిన తుపానులో మీ అన్నను పాము కరిచినప్పుడు కూడా హెలికాప్టర్ వచ్చింది. ఆసుపత్రికి పోయే ఉదయగిరి దారి మునిగిపోయి ఉండింది. ఊరి మీద తిరిగి తిరిగి, దిగే చోటు లేదని ఆత్మకూరుకు ఎళ్లిపోయింది. వాడు నా ఒళ్లోనే పోయినాడు.

నిన్న మళ్లీ దారి మునిగింది. కాన్పు నొప్పులు పడతా ఉన్న మన ఊరి యేసురత్నం కోడలిని మాత్రం హెలికాప్టర్ దిగి ఎక్కించుకోని పోయింది.

"నీ కోడలికి దొరికిన చోటు నా కొడుక్కి ఎందుకు దొరకలేదయ్యా?" అని యేసురత్నం మీద అరిచినాను.

"అప్పుడు ఆడ చోటేది వదినా? మిట్టంతా కంపచెట్లే. నీ కొడుకును పూడ్చేదానికే గదా ఊరంతా కలిసి కొట్టి చదును చేసింది?" అన్నాడు, తల ఎత్తకుండా.

నా కోపం తగ్గలేదు. మీ అన్న పోతేగాని ఈ ఊరికి అంత చోటు దొరకలేదా?

సిలువ మళ్లీ నాటలేదు, ఇంట్లో పెట్టినాను. ఆ మిట్ట ఖాళీగానే ఉండనీ.

నువ్వు వేళకు అన్నం బాగా తిను.

మీ అమ్మ