మంచినీళ్ల లోతు

“అడవిలో గుడారాలేసుకుని పడుకోడమేటే? వద్దన్నానా!” వల కుడుతూ కసిరాడు గంగులు.

“కాలేజీ ఆడపిల్లలందరం ఎలతన్నాం నాన్నా. మేడమ్ కూడా ఉంటాది.” హేమ పొద్దుట్నుంచీ బతిమాలుతూనే ఉంది.

“అడవి కాదే నా బయం. గుడారాల పక్కనే పెద్ద సెరువంట. నీకు ఈత రాదు.”

“ఎలాగొస్తాది మావా?” చేపలు తోముతున్న లక్ష్మణమ్మ మొగుడి మీదికి లేచింది. “కొడుకుని ఐదేళ్లకే కెరటాల్లోకి ఇసిరేసావు. ఆడది సముద్రంలో దిగితే వలకి సేప పడదని దీన్ని ఒడ్డునే కూకోబెట్టావు.”

గంగులు చేతిలో వల ఆగిపోయింది. ఇన్నేళ్లు వేటకెళ్లినా, నీళ్లలో పడితే మునిగిపోయే మనుషులు తన ఇంట్లోనే ఇద్దరున్నారని అతనికి ఇప్పుడే తట్టింది.

అన్నాల దగ్గర అందరూ కూర్చున్నాక, తలెత్తకుండానే కొడుకుతో చెప్పాడు.

“వెంకీ, కేంపుకింకా నెలుంది. రేపట్నుంచి సెల్లినీ, మీ అమ్మనీ నేనే నీళ్లలోకి దింపుతాను. ఊరోళ్లు ఏటన్నా అంటే నాకొచ్చి సెప్పమను.”