గోపాలు అడిగిన పాట

“మీ హిప్ హాప్ సంగతేందో చూద్దామని వచ్చిన. మంచి పాటొకటి పెట్టు,” అన్నాడు గోపాలు, గడపలో చెప్పులు విడుస్తూ.

రెహమాన్ చేతిలోని వైరు జారి కింద పడింది. జూలూరుపాడులో అతని డీజే దుకాణానికి ఎవరెవరో వస్తుంటారు. గోపాలు మాత్రం ఎండాకాలం పెళ్లిళ్ల తర్వాత ఇటు తొంగి చూడలేదు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఎత్తకపోవడమే న్యాయమని రెహమాన్‌కూ తెలుసు.

“హిప్ హాప్ నీకెందుకురా? అది పాట కాదు, సంతల బేరం అన్నది నువ్వే గదా!”

“అవ్, నేనే అన్న. ఇప్పుడు మనసు మారింది.”

వాడి గొంతు అవసరానికి మించి పెద్దగా ఉంది. కోపం ఇంకా చల్లారలేదనుకున్నాడు రెహమాన్. పైగా గోపాలు కళ్లార్పకుండా తన ముఖంలోకే చూస్తున్నాడు. ఆ చూపుకు నిలబడలేక రెహమాన్ లాప్‌టాప్ వైపు తిరిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే మనిషికి ఎదుటివాడి చూపు కూడా కేసు పెట్టినట్టే ఉంటుంది.

గోపాలుది అడవి అంచు పల్లె. చుట్టూ అందరూ డీజే పాటలకు ఊగుతుంటే, వాడొక్కడే గిటార్లు గొంతు చించుకునే రాక్ పాటలు వినేవాడు. తునికాకు కోసిన కూలీతో గిటార్ కొన్నాడు. ఫోన్‌లో చూసి నేర్చుకున్నాడు. ఖమ్మంలో బ్యాండ్ల పోటీకి వాడి పేరు ఎక్కింది కూడా. గెలిస్తే హైదరాబాద్‌లో వాయించే అవకాశం.

సరిగ్గా ఆ రోజే రెహమాన్‌కు పెళ్లి ఊరేగింపు కిరాయి తగిలింది. అడవి దారిలో గతుకులెక్కువ. ట్రాలీ ఊగితే స్పీకర్ బాక్సులు పడిపోతాయి. అందుకని ఒక మనిషి వాటికి వీపు ఆనించి నిలబడాలి. రోజూ నిలబడేవాడు రాలేదు. “వాగు దాటిందాకా నిలబడురా, అటెన్క ఇంకో మనిషి వస్తడు, నువ్వు జల్దీ ఖమ్మం పో,” అని గోపాలును బతిమాలి ట్రాలీ ఎక్కించాడు. వాగు దాటింది, పెళ్లివారి ఊరూ వచ్చింది, వీపు వెనకే బాక్సులు మోగుతుండగా ఊరేగింపూ అయింది. ఇంకో మనిషి రాలేదు. పోటీ గోపాలు లేకుండానే జరిగిపోయింది.

“ఇది విను. పాతబస్తీ పిలగాడు, మన మాటలే, మస్తుంటది,” అంటూ రెహమాన్ హెడ్‌ఫోన్స్ అందించాడు.

గోపాలు వాటిని పక్కన పెట్టేశాడు. “ఇది వద్దు. పెద్ద బాక్సుల పెట్టు.”

పెట్టాడు. గోపాలు వెళ్లి బాక్సు మీదే కూర్చుని, రెండు అరచేతులూ దానికి ఆనించాడు. కాసేపటికి తల ఊపాడు.

“బీటు దెబ్బ బాగుంది. మాటలేందో ఫోన్‌ల చూపించు.”

“మాటలు అర్థమైతలేవా?”

“వీడు జల్దీ జల్దీ చదువుతుండు గదా.”

రెహమాన్ నవ్వాడు. పాట మాటలు తీసి చూపించాడు. గోపాలు వేలితో ఒక్కో వరుసా వెంబడించాడు. ఆ పాతబస్తీ కుర్రాడు తన నాన్న ఆటో నడిపిన గల్లీ గురించి కట్టుకున్న పాట అది. చదువుతుంటే గోపాలు కళ్లు తడయ్యాయి.

“బాగ రాసిండు. నేను ఉత్తగనే తిట్టిన.”

“ఇంకోటుంది, దాంట్ల గిటార్ గూడ ఉంటది. నీకు నచ్చుతది.”

“గిటార్ వద్దు.” గోపాలు తల అడ్డంగా ఊపాడు. “దెబ్బ ఉంటే చాలు. గిటార్ అమ్మేసిన.”

రెహమాన్ మీట నొక్కబోయి ఆగాడు. తునికాకు కోసి వేళ్లు నల్లబడితే, ఆ వేళ్లతోనే తీగలు మీటిన మనిషి! తన కిరాయి ఆశకు వాడి గిటార్ బలైపోయింది. ఏ మొహం పెట్టుకుని పాటలు చెబుతున్నాడు తను?

ఇంకో పాట పెట్టాడు, ఇంకోటి పెట్టాడు. గోపాలు ఒకదాన్ని బాగుందన్నాడు, ఒకదాన్ని వట్టిదన్నాడు. మునుపటిలాగే వాదించాడు, మునుపటిలాగే నవ్వాడు. ఆ నవ్వు రెహమాన్‌ను మరీ పొడిచింది. వాడు తిట్టి ఉంటే సుఖంగా ఉండేది. ఏమీ జరగనట్టు బాక్సు మీద కూర్చుని కాళ్లాడిస్తుంటే మింగలేకా కక్కలేకా ఉంది.

పాట అయిపోయింది. రెహమాన్ ఇంకోటి పెట్టలేదు. వైరు వెతుకుతున్నట్టు అలమారా వైపు తిరిగాడు. ముఖం చూస్తూ చెప్పే ధైర్యం అతనికి లేదు.

“గోపాలూ, నీకొకటి చెప్పాల్రా. ఆ రోజు ఇంకో మనిషికి నేను ఫోనే చెయ్యలే. నువ్వు దిగిపోతే పని ఆగుతదని అబద్ధమాడిన. పోటీవాళ్లు నీకు ఫోన్ చేసిండ్రు. ట్రాలీ ఎక్కేముందు నువ్విచ్చిన ఫోన్ నా దగ్గరనే ఉండె గదా, నేనే ఆఫ్ చేసిన. నీ బతుకు ఖరాబు చేసిన్రా. నన్ను మాఫ్ చెయ్.”

చేతికి దొరికిన వైరు వేళ్లకు చుట్టుకున్నాడు.

“తిట్టరా. రెండు దెబ్బలేసినా పడత.”

వెనక నుంచి చప్పుడే లేదు. మాఫీకి కూడా తాను పనికిరానని రెహమాన్‌కు అర్థమైంది. అలమారా చెక్క పట్టుకుని, ఆపుకోలేక వెక్కివెక్కి ఏడ్చాడు.

బాక్సు మీంచి దూకిన అడుగుల శబ్దం. గోపాలు గబగబా వచ్చి, కదులుతున్న ఆ భుజాలు పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. కంగారుగా రెహమాన్ పెదవుల వైపే చూశాడు.

“ఏమన్నవో ఇటు తిరిగి చెప్పరా, ఆ ఊరేగింపు నుంచి నాకు చెవులు వినపడతలేవు.”