ట్రయల్ జీపు

“పొద్దుగూకేసరికి ఒక్క ఆర్డరన్న రాకపోతే రేపటిసంది రాకు, సారంగపాణీ” అనేసి సేటు తన గదిలోకి వెళ్లిపోయాడు.

వరంగల్ సుబేదారి రోడ్డు మీదున్న ఆ జీపుల షోరూములో సారంగపాణి నాలుగేళ్లుగా సేల్స్‌మన్. ఈ ఏడు వానలు మొదలయ్యాక ఒక్క బండీ అమ్మలేదు. ఇంటికి వెళ్లి పెళ్లాంతో ఏం చెప్పాలో తోచక, తుడిచిన జీపునే మళ్లీ తుడుస్తున్నాడు.

అప్పుడొచ్చాడు ఆ మనిషి. నలభై ఏళ్లుంటాయి. మోకాళ్ల దాకా బురద. సైకిలు గోడకు ఆనించి తిన్నగా జీపు దగ్గరికి నడిచాడు.

“నా పేరు మొగిలయ్య. దీన్ని కొందామని వచ్చిన.”

బురద కాళ్లతో వచ్చి బండ్లు కొనుక్కుపోయిన ఆసాములను సారంగపాణి చూశాడు. ఇతనూ అలాంటివాడే అయివుంటాడని నమ్మాడు. నమ్మక గతి లేదు.

“కూసోండ్రి పటేలా, చాయ్ తెప్పిస్త.”

“చాయ్ వద్దు. వాగు దాటుతదా?”

“నాలుగు చక్రాలూ లాగుతయి. డీజిల్ ఇంజను. నీళ్లు పడితే ఆగిపోనీకి ప్లగ్గులే లేవు.”

“అంబాసిడర్ మెత్తగుంటదంటరు గద?”

“తారు రోడ్డు మీద దానికి సాటి లేదు. గని ఇటు చూడుండ్రి.” సారంగపాణి జేబులోంచి టేపు తీసి, నేల నుంచి ఇరుసు దాకా కొలిచి చూపించాడు. “ఎనిమిదించులు. మీ ఊరి బండరాళ్లకు గిది కావాలె.”

“మరి వ్యాను?”

“మంది ఎక్కువ పడతరు. గని లాగేటియి రెండే చక్రాలు. బురదల కష్టం.”

“ట్రాక్టరైతే?”

“ట్రాక్టరు ఎటన్న పోతది. కూసున్నోళ్ల ఒళ్లే హూనమైతది.”

మొగిలయ్య వెనక తలుపు తీసి లోపలంతా మూరలతో కొలిచాడు. “ఈ సీట్లు పైకి మలిస్తే మనిషి కాళ్లు చాపుకొని పండుకోవచ్చునా?”

“మంచిగ పండుకోవచ్చు.”

“అయితే మా వాగుల దించి సూపెట్టు సారూ. దాటితే తీసుకుంట.”

సేటు సరేనన్నాడు. సైకిలు షోరూములోనే ఉంచి ఇద్దరూ బయల్దేరారు. పాలకుర్తి దారిలో కొంత దూరం పోయాక మట్టిరోడ్డులోకి తిప్పమన్నాడు మొగిలయ్య. ఆ దారి వాగు దగ్గర ఆగిపోయింది. ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతున్నాయి.

సారంగపాణి బ్రేకు తొక్కాడు. జీపు వాగులు దాటుతుందని నాలుగేళ్లుగా ఎందరికో చెప్పాడు గాని, ఒక్కనాడూ బండిని నీళ్లలో దింపి ఎరగడు. మధ్యలో ఆగితే బండితోపాటు తనూ కొట్టుకుపోతాడు. వెనక్కి తిప్పితే నౌకరి పోతుంది.

“దాటుతదన్నవ్ గద సారూ” అన్నాడు మొగిలయ్య. అప్పటికే అతను బండి దిగాడు.

సారంగపాణి దిగి, నీళ్లు ఇంజను మీదికి చిమ్మకుండా ఫ్యాను బెల్టు విప్పాడు. చిన్న గేరు వేశాడు. మొగిలయ్య తొడల లోతు నీళ్లలో ముందు నడుస్తూ, రాళ్లు లేనిచోటు చేత్తో చూపించాడు. నీళ్లు లోపలికొచ్చి సారంగపాణి చెప్పులు తేలాయి. నడిమధ్యలో బండి పక్కకు జారింది. స్టీరింగును గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ముందు చక్రాలు ఒడ్డు ఎక్కుతున్నాయి.

“ఇగ ఫారం నింపుదామా పటేలా?”

మొగిలయ్య అప్పటికే ఒడ్డున ఉన్న గుడిసె వైపు ఉరుకుతున్నాడు. క్షణంలో అతనూ, చిలుకమ్మ అనే ముసలి మంత్రసానీ ఒక మంచం మోసుకొచ్చారు. మంచం మీద నిండు చూలాలు. కళ్లు మూతలు పడుతున్నాయి.

“రాత్రి సంది నొప్పులేనట బిడ్డా. కడుపుల పిల్ల అడ్డం తిరిగింది. నాతోని కాదు” అంది చిలుకమ్మ.

సారంగపాణి మొగిలయ్య ముఖంలోకి చూశాడు. “నువ్వు బండి కొనవు.”

“కొనను సారూ. టాక్సీలోళ్ల కాళ్లు మొక్కిన. వాగు పేరు చెప్తే ఒక్కడన్న రాలె.”

చాచి కొట్టాలనిపించింది సారంగపాణికి. అంతలో మంచం మీంచి సన్నని మూలుగు వినిపించింది. అతను వెనక సీట్లు పైకి మలిచాడు.

తిరుగుదారిలో వాగు ఇంకో జానెడు పెరిగివుంది. ఈసారి అతను బ్రేకు తొక్కలేదు.

వరంగల్ పెద్ద దవాఖానలో ఆమెను లోపలికి తీసుకుపోయాక, సారంగపాణి ఎదుటి దుకాణం నుంచి షోరూముకు ఫోను చేశాడు.

“ఆర్డరు రాసినవా?” అన్నాడు సేటు.

“లేదు సేటూ, ఒక ఆడమనిషి పానం మీదికొస్తే...”

“బండి తెచ్చి తాళాలిచ్చి పో.”

సారంగపాణి దవాఖాన వరండాలోకి వచ్చి మొగిలయ్య పక్కన కూలబడ్డాడు. ఇద్దరి బట్టల నుంచీ నీళ్లు కారుతూనే ఉన్నాయి. చాలాసేపటికి తలుపుల వెనక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. మొగిలయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

“నా నౌకరి పోయిందే” అన్నాడు సారంగపాణి మెల్లగా. “గని నిన్నేమనను. నా పెండ్లాం గట్ల పడి ఉంటే నేనూ అబద్ధమాడేటోన్నే.”

మొగిలయ్య ఏదో చెప్పబోయాడు. ఇంతలో సిస్టరు రిజిస్టరు పట్టుకుని వచ్చింది.

“ఆడపిల్ల. తల్లి పానానికి భయం లేదు, ఇంకా మత్తుల ఉన్నది. ఆమె పేరేంది? రాసుకోవాలె.”

మొగిలయ్య లేచి చేతులు కట్టుకున్నాడు.

“తెల్వదమ్మా. పొద్దుగాల కైకిలి పనికి పోతాంటే వాగొడ్డున పడి ఉన్నది.”