నాలుగో పాట మీద రెండో మాట

సలోమి వారపత్రికను మడత విప్పకుండానే టేబుల్ మీద పెట్టింది.

"మీరు పొగిడినారు సార్. అందుకే మా తమ్ముడు ఇంటికి రాలేకపోతాండాడు."

ఇమ్మానుయేలుకు మొదట అర్థం కాలేదు. నంద్యాలలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుకుంటూ, ఊళ్ళో వెలువడే వారపత్రికకు కొత్త క్యాసెట్ల మీద సమీక్షలు రాస్తుంటాడాయన. సినిమా పాటల జోలికి పోడు. సొంతంగా పాటలు కట్టుకుని, తామే పాడి, తామే క్యాసెట్ వేసుకునే కుర్రాళ్ళంటే ఇష్టం. ఇష్టమైనా చెయ్యి మెత్తనిది కాదు. బాగాలేనిదాన్ని బాగుందని ఒక్కసారీ రాయలేదు.

అలాంటి మనిషి కిందటి వారం ఆళ్లగడ్డ యోహాను పాడిన 'వట్టి వాగు' క్యాసెట్‌ను ఆకాశానికెత్తాడు. ఒక గిటారు, ఒక డప్పు, ఒక గొంతు. అంతే. అందులో నాలుగో పాట, వాగులో ఒక మనిషిని నరికి చంపడం గురించి. "ఇది ఊహించి కట్టిన పాట కాదు, కళ్ళారా చూసినవాడి పాట" అని రాశాడు. ఆయన లెక్కలో అంతకు మించిన మెప్పు లేదు.

ఆ మెప్పే కొంప ముంచింది. ఆళ్లగడ్డ బయట వాగులో నిజంగానే ఒకతన్ని చంపారు. చూసినవాళ్ళెవరూ లేరని కేసు కొట్టేశారు. అందరూ మరిచిపోయారనుకున్న సమయంలో ఈ సమీక్ష వచ్చింది. మర్నాడే యోహాను ఇంటి ముందు జీపు ఆగింది. దిగినవాళ్ళు గొంతు కూడా పెంచలేదు. పాట బాగుందంట, పాడినోన్ని చూసిపోదామని వచ్చినాం అన్నారు. యోహాను పెరటి గోడ దూకి పారిపోయి, సున్నిపెంటలో పినతల్లి ఇంట్లో తలదాచుకున్నాడు.

"మీ తమ్ముడు నిజంగా చూశాడా అమ్మా?" అని అడిగాడు ఇమ్మానుయేలు.

"లేదు సార్. ఆ పొద్దు జొరంతో ఇంట్లోనే పండుకోనుండె. జనం అనుకునేది విని, మిగిలింది మనసులో కల్పించుకోని కట్టినాడు. ఆ మాట మేం చెప్తే వాళ్ళు నమ్మరు. పేపర్లో పడిందే నమ్ముతారు."

ఎన్నో ఏళ్ళుగా తన చెవి మీద ఇమ్మానుయేలుకున్న నమ్మకం అప్పుడు కొద్దిగా కదిలింది. ఊహ ఏదో, చూసింది ఏదో తనకు తెలుస్తుందనుకున్నాడు. తెలియలేదు. సరే, అది కల్పించిన పాటేనని, అయినా గొప్ప పాటని రాస్తానన్నాడు.

సలోమి తల అడ్డంగా ఊపింది. "గొప్ప పాటంటే మళ్ళా వస్తారు సార్. చెత్త పాటని రాయండి. వట్టి అబద్ధాల పాటని రాయండి."

ఆమె వెళ్ళాక ఆయన కాగితాలు ముందేసుకున్నాడు. పైపైన తిడితే ఎవరూ నమ్మరని తెలుసు. అందుకే కత్తి పెట్టి కోసినట్టు రాశాడు. ఈ కుర్రాడికి నెత్తురు వాసన తెలియదన్నాడు. ఫైటింగు సీన్లు చూసి పాట అల్లాడన్నాడు. పాటలో కిందపడినవాడు అమ్మను పిలుస్తూ రాగం తీస్తాడు. చచ్చేవాడు అంత పాట పాడడు అని ఎద్దేవా చేశాడు. ఆ మాట బలంగా తగలాలని, అసలు అలాంటి చావు ఎలా ఉంటుందో తన ఊహ కొద్దీ నాలుగు వాక్యాలు కూడా చేర్చాడు. తిరిగి చదువుకుంటే తనకే ఒళ్ళు జలదరించింది. ఇంత బాగా ఎప్పుడూ రాయలేదనిపించింది.

సమీక్ష అచ్చయింది. జీపు మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు. కొన్నాళ్ళకు యోహాను ఇల్లు చేరాడు. ఆ సంగతి చెప్పడానికి సలోమి ఇన్‌స్టిట్యూట్‌కు ఫోన్ చేసింది. మీ మేలు మరిచిపోమంది. తర్వాత ఫోన్ యోహాను అందుకున్నాడు.

"సార్, ఒక్క మాట. ఆ పాట నిజంగానే అంత అధ్వానంగా ఉందా?"

అక్క అతనికి ఏమీ చెప్పలేదని ఇమ్మానుయేలుకు అర్థమైంది. నిజం చెబితే అతను పదిమందికి చెప్పుకుంటాడు. అది చేరకూడని చెవిన చేరుతుంది.

"అవును" అన్నాడు.

సరే సార్, ఇంక పాడనులే అని యోహాను ఫోన్ పెట్టేశాడు. ఇమ్మానుయేలు ఆ పూట అన్నం ముట్టలేదు. గొంతు పోతే పోయింది, ప్రాణం మిగిలింది కదా అని తనకు తాను చెప్పుకున్నాడు.

మరుసటి వారం, పిల్లలు టైపు కొడుతుండగా తెల్లచొక్కా మనిషి ఒకడు లోపలికి వచ్చాడు. వెనక ఇద్దరు గుమ్మంలోనే నిలబడ్డారు. ఊరికే మాట్లాడిపోదామని ఆళ్లగడ్డ నుంచి వచ్చామన్నాడు. పిల్లల్ని పంపించమన్నాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గది ఖాళీ అయింది.

అతను కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు. "బాగా రాసినారు సార్. ఆ పిల్లోడు ఏమీ చూల్లేదని మాకు నమ్మకం కుదిరింది. వాని జోలికి ఇంక పోం."

ఇమ్మానుయేలు మంచిదప్పా అన్నాడు.

అతను జేబులోంచి పత్రిక ముక్క తీసి, వేలితో ఒక వాక్యం చూపించాడు.

"చచ్చేటోడు అమ్మా అన్లేదు, పొద్దు గూకిందా అని అడిగినాడని రాసినావు. నిజమే, అడిగినాడు. ఆ మాట ఆడున్న మాకు తప్ప ఇంగెవురికీ ఇనపళ్ళేదే, నువ్వు యాడ నిలబడుకోని చూసినావు?"